పింకీ ముట్టని కర్ర

ఆ ఏడు మిరపకోతలు మొదలైన కొత్తల్లోనే కూలికి వెళ్ళే మా ఆటో కాలవ మలుపులో తిరగబడింది. మిగతా ఆడవాళ్ళు మోచేతులు దులుపుకుని లేచారు. నేను లేవలేకపోయాను. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. "కర్ర పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వెళ్ళు, రా. కానీ వంగావంటే మళ్ళీ మా దగ్గరికే వస్తావు. కింద పడ్డది ఏదీ తీయకు" అని డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు.

వినడానికి ఇంతేగా అనిపిస్తుంది. మంచం మీద ఒక్క పూట కూర్చుని చూస్తే తెలుస్తుంది. కర్ర జారి కింద పడితే అది కళ్ళ ముందే ఉంటుంది, కానీ అందదు. అది అందేదాకా మంచం దిగడానికి లేదు. నీళ్ళ సీసా దొర్లిపోతే గొంతు ఎండాల్సిందే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను నడుం వంచే బతికాను. పత్తి తీసినా, మిరప కోసినా, కలుపు పీకినా వంగాల్సిందే. అలాంటిదాన్ని కింద పడ్డ తువ్వాలు కోసం "ఎవరన్నా ఉన్నారా" అని కేకలు వేయాల్సి వచ్చేసరికి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ సీజనంతా కోపంతోనే గడిపాను. తిన్న అన్నం కంటే అదే నన్ను నిలబెట్టింది.

నా కూతురు జాస్మిన్ ఒంగోల్లో నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. నా సంగతి తెలిసి పరుగున వచ్చింది. సంతోషించాను. కానీ వారాలు గడుస్తున్నా తిరిగి వెళ్ళలేదు. చర్చి నుంచి నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ దాని తల నిమిరి, "ఇట్టాంటి బిడ్డ ఎంతమందికుంటదే కొండమ్మా! తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటంది" అనేది. ఆ మెచ్చుకోళ్ళు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళు మెచ్చుకున్నకొద్దీ పిల్ల నా మంచానికి దగ్గరవుతోంది, కాలేజీకి దూరమవుతోంది. ఆ సంగతి ఒక్కరికీ పట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కాలేజీ మేడమ్ ఫోన్ చేసింది. మా ఆయన మరియదాసు ఎత్తాడు. ఆయన ఊళ్ళో ఒక రైతు కల్లంలో పని చేస్తాడు. కోసిన మిరపకాయలు ఆరబోయడం, తిరగేయడం, మంచు పడకుండా పట్టాలు కప్పడం, కాపలా ఉండటం అన్నీ ఆయనే. అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు.

"రాదు మేడం. వాళ్ళమ్మకి బాలేదు గదా, ఇంట్లో ఎవురు చూస్తారు? ఈస్టర్ లోపలా? ఏమో, చెప్పలేం. పోతే పోయిద్దిలే మేడం, ఒక ఏడాదేగా" అన్నాడు.

"ఏందీ పోయేది?" అని మంచం మీద నుంచే అరిచాను.

ఫోన్ పెట్టేసి కంచం ముందు కూర్చున్నాడు. "హాజరు తక్కువైందంట. ఈస్టర్‌కి ముందే పోయి చేరకపోతే పరీక్షకి కూర్చోనీరంట."

"మరి పంపించు."

"పంపిస్తే నీకెవురు చేస్తారే?"

"ఏం చెయ్యాలి నాకు? కూర పక్కింటి సామ్రాజ్యం పంపిస్తంది. సాయంత్రం నీళ్ళు పోయడానికి కూడా వస్తానంది. అన్నం నువ్వు వండు. ఇంక మిగిలింది కింద పడ్డది తీసివ్వడం. దానికి నర్సు కావాలంటయ్యా?"

"నేను కల్లంలో ఉంటా. నువ్వు పడితే ఎవురు లేపుతారు?"

"నేనెందుకు పడతా?"

జాస్మిన్ కంచాలు తీస్తూ, "పర్లేదులేమ్మా. వచ్చే ఏడు రాస్తా" అంది.

మొగుడి మాటల కంటే ఆ మాటకే నాకు మంట ఎక్కువైంది. ఆయన ఆపుతున్నాడు, సరే. ఇది ఆగిపోవడానికి అలవాటు పడుతోంది. "నోరు ముయ్యి. వచ్చే ఏడు ఇంకోటి వస్తంది. ఆడపిల్లని ఇంట్లో ఆపడానికి ఏదో ఒకటి వస్తానే ఉంటది" అన్నాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని గిన్నెలు తోమడానికి వెళ్ళింది. దాన్ని తిట్టినందుకు మళ్ళీ నా మీద నాకే కోపం వచ్చింది.

పింకీ మా కుక్క అనడానికి లేదు. గోధుమరంగు వీధి కుక్క. పిల్లగా ఉన్నప్పుడు జాస్మిన్ దానికి ఆ పేరు పెట్టింది. మా గుమ్మం ముందు పడుకుని, మిగిలిన అన్నం తిని, సందు దొరికితే చెప్పులో గుడ్డముక్కో ఎత్తుకుపోవడం దాని వృత్తి. ఒక ఉదయం నా తువ్వాలు జారి కింద పడగానే చటుక్కున లోపలికొచ్చి నోట కరుచుకుంది. జాస్మిన్ చర్చి బోరింగు దగ్గర ఉంది. నా ఒళ్ళో చేట ఉంది. సామ్రాజ్యం వాళ్ళ తమ్ముడు కొత్తపట్నం నుంచి తెచ్చిన ఎండు నెత్తళ్ళకి తలలు తీస్తున్నాను. తిడదామని నోరు తెరిచి, ఎందుకో ఒక చేప విసిరాను. పింకీ తువ్వాలు మంచం పక్కనే వదిలేసి చేప తింది. తువ్వాలు నా చేతికి అందింది.

అలా మొదలైంది మా చదువు. మొదట తువ్వాలు దాని మూతి ముందు పెట్టి, పట్టుకోగానే "ఆఁ" అని చేప ముక్క ఇచ్చేదాన్ని. తర్వాత మంచం కోళ్ళ దగ్గర పడేసేదాన్ని. తర్వాత గుమ్మం దాకా. "తువ్వాలు" అంటే తువ్వాలు తేవడం దానికి తొందరగానే వచ్చింది. సీసా దగ్గర చిక్కొచ్చి పడింది. ఒకసారి సగం దారిలో సీసా వదిలేస్తే, "నీ మొహం మండ, తేవే" అని అరిచాను. అది తోక ముడుచుకుని వీధి చివరిదాకా పారిపోయింది. ఆ తర్వాత సీసా కనబడితేనే వెనక్కి వెళ్ళేది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మా ఇంట్లో నేను అరిచి పని చేయించుకోలేని ప్రాణి అదొక్కటే. లోపల కుతకుత ఉడుకుతూ బయటికి మెల్లగా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

కర్ర దగ్గర మాత్రం నవ్వొచ్చింది. మధ్యలో కరుచుకుని గుమ్మంలోకి వచ్చేది. రెండు కొసలూ ద్వారబంధానికి తగిలి ఆగిపోయేది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఊపుగా వచ్చేది, మళ్ళీ తగిలేది. జాస్మిన్, నేను కడుపు పట్టుకుని నవ్వాం. ఆటో పడ్డాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు. తర్వాత పాత చీర చించి కర్ర పిడికి చుట్టాను. అక్కడ పళ్ళకి మెత్తగా ఉండేసరికి అక్కడే పట్టుకుని ఈడ్చుకు రావడం నేర్చుకుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పదిమంది మా అరుగు మీద కూర్చున్నారు. మరియదాసు హుషారుగా, "మా ఆవిడ కుక్కకి బడి పెట్టింది. పిల్లని కాలేజీకి తోలాలని కుక్కని నర్సుని చేస్తంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసుకుని ఆయన ఇంకా రెచ్చిపోయాడు. "ఆ కుక్క కర్ర తెచ్చి దీని చేతికిచ్చిన రోజున పిల్లని నేనే ఒంగోలు బస్సెక్కిస్తా. ఎవురన్నా పందెమా?"

"నలుగురిలో అన్నావు. మాట మీద నిలబడు" అన్నాను లోపల్నుంచి.

"నిలబడతా. కుక్క నిలబడాలిగా ముందు" అన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కర్ర నిజంగానే జారి పడింది. జాస్మిన్ లేవబోతే, కదలొద్దని చెయ్యి చూపించాను. "పింకీ, కర్ర" అన్నాను. అరుగు మీద పడుకున్నది లేచి వచ్చింది, గుడ్డ చుట్టిన వైపు కరుచుకుంది, ఈడ్చుకొచ్చి నా అరచేతిలో పెట్టింది. తలెత్తి చూస్తే గుమ్మంలో మరియదాసు. ఎప్పుడొచ్చాడో, మొత్తం చూశాడు.

"అన్నం పెట్టమ్మా" అన్నాడు జాస్మిన్‌తో.

"చూశావుగా?" అన్నాను.

తలొంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు, "ఒక్కసారి తెస్తే అయిపోయిందా? శుక్రవారం కూటం మనింట్లో గదా. పదిమందిలో తెమ్మను. అప్పుడు ఒప్పుకుంటా."

ఈస్టర్‌కి ముందు శ్రమదినాల్లో మా పేటలో రోజుకో ఇంట్లో ప్రార్థన కూటం పెడతారు. ఆ శుక్రవారం మా వంతు. అప్పటికి ఈస్టర్ ఎంతో దూరం లేదు. నేను సరేనన్నాను. ఆ సాయంత్రం జాస్మిన్ తన పుస్తకాల సంచి దులిపి గోడకి తగిలించడం చూశాను. పిల్లకి ఆశ పుట్టింది. అంతకంటే నాకేం కావాలి?

శుక్రవారం పొద్దు వాలకముందే మరియదాసు కల్లం నుంచి వచ్చి చాపలు పరిచాడు. చాపలకి అడ్డమని నా కర్ర తీసి మూలన పెట్టాడు. జనం వచ్చారు. పాటలయ్యాయి. పాస్టరు శ్యామ్ సుందర్ గారు నా కాలి కోసం ప్రార్థన చేసి, నాకు ఓర్పు ఇమ్మని ప్రభువుని అడిగారు. కాలు అడిగితే చాలు, ఓర్పు నాకెందుకు అనుకుంటూ ఆమెన్ అన్నాను. జాస్మిన్ టీలు ఇస్తుంటే ఆయన నవ్వుతూ, "కొండమ్మా, నీ కుక్క సంగతి ఊరంతా చెప్పుకుంటన్నారమ్మా. మాకూ చూపించు" అన్నారు.

"అట్టాగే అయ్యగారూ" అన్నాను. పింకీ గుమ్మం అవతలే కూర్చుని లోపలికి చూస్తోంది. "పింకీ, కర్ర" అన్నాను మెల్లగా.

అది జనం మధ్యలోంచి నేరుగా మూలకి వెళ్ళింది. దానికి బెరుకు లేదు. గుడ్డ దగ్గర మూతి పెట్టింది, నోరు తెరిచి పట్టుకుంది. అంతే, కుయ్యోమని వదిలేసి వెనక్కి ఎగిరింది. తుమ్మింది. మూతి నేలకేసి రాసింది, ముందుకాళ్ళతో ముక్కు గీరుకుంది.

"పింకీ, కర్ర" అన్నాను మళ్ళీ.

అది నా వైపు చూసింది. కర్ర వైపు చూసింది. వెళ్ళలేదు. చాపల మీద నవ్వులు మొదలయ్యాయి. సంఘపెద్ద బుల్లయ్య, "దానికీ ఇయ్యాల ఉపవాసం అయ్యగారూ" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. జాస్మిన్ టీ పళ్ళెం పట్టుకుని తల దించేసుకుంది. పింకీ జనాన్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తింది.

"ఆ కర్ర ఇటివ్వు సామ్రాజ్యం" అన్నాను.

అందుకుని గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటు నసాళానికి ఎక్కింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఏడుస్తున్నాననుకుని అందరూ చూపు తిప్పుకున్నారు. నేను మరియదాసు వైపు చూశాను. ఆయన పాటల పుస్తకాలు దొంతి పెడుతున్నాడు. అప్పటికే దొంతి పెట్టినవి మళ్ళీ పెడుతున్నాడు.

నోరు తెరిస్తే అయ్యగారి ముందు ఏమేం మాటలు వస్తాయో నాకే తెలియదు. అందుకని తెరవలేదు.

"జాస్మిన్, దానికి నీళ్ళు పెట్టిరా" అన్నాను.

జనం వెళ్ళిపోయారు. వాకిట్లో ఇంకా వెలుగు ఉంది. మరియదాసు చాపలు చుడుతున్నాడు.

"ఎందుకు చేశావయ్యా?" అన్నాను.

"ఏం చేశా? కల్లం నుంచి వచ్చా గదా. చేతులకుంటది. కర్ర జరిపేటప్పుడు తగిలుంటది."

ఎవరైనా నమ్మే మాటే. మిరప సీజన్లో మా ఇళ్ళల్లో చేతులు శుభ్రంగా కడగకుండా ఎవరూ చంటిపిల్లల్ని ఎత్తుకోరు, కళ్ళు నలుపుకోరు. తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి అన్నీ మండుతూనే ఉంటాయి. కానీ నేను అప్పటికే కర్ర గుడ్డ విప్పి ఒళ్ళో పరిచాను. మడతల్లో మిరపగింజలు ఉన్నాయి. నలిగిన తొక్కలు ఉన్నాయి.

"చెయ్యి తగిలితే గింజలు కూడా మడతల్లోకి దూరతయ్యా?"

చాప చుట్టడం ఆపేశాడు.

"అది మొన్న నువ్వు పెట్టిన అన్నం కూడా తింది గదయ్యా. నోరులేని దాని నోట్లో కారం కొట్టడానికి నీకు చెయ్యెట్టా వచ్చింది?"

"అరవమాక. వీధిలో వింటారు."

"విననీ! పదిమంది ముందు పరువు పోద్దని ఇంతసేపు నోరు కట్టుకున్నా. నీ పరువు! బిడ్డకిచ్చిన మాట తప్పడానికి కుక్క నోరు కాల్చినోడివి, నీకో పరువు!"

ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "భయమేసిందే. ఆ రోజు కబురు విని పరిగెత్తుకొచ్చి కాలవ గట్టు మీద నుంచి నిన్ను ఎత్తింది నేను. నీ కాలు నా చేతుల్లో వేలాడింది. కల్లంలో కూర్చున్నా అదే కనపడతంది. పిల్ల కూడా పోతే, నువ్వు పడితే... ఇంకోసారి నావల్ల కాదు."

ఆ మాట నిజం. నాకు తెలుసు. ఆ మాటే ముందు చెప్పి ఉంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు వింటే జాలి రాలేదు, ఇంకా మండింది.

"భయముంటే నువ్వు పడు. నీ భయానికి కాపలాగా నా బిడ్డని కూర్చోబెట్టమాక. రేప్పొద్దున దాన్ని బస్సెక్కించు."

"కుక్క తేలేదుగా" అన్నాడు.

"నేను వెళతా నాన్నా."

జాస్మిన్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కుక్కకి నీళ్ళు పెట్టిన మూకుడు. ఎంతసేపట్నుంచి వింటోందో. ఏడవడం లేదు. "అది ఇంకా మూతి నేలకి రాస్తానే ఉంది. నీళ్ళు కూడా తాగట్లా. నువ్వు ఎక్కించకపోతే నేనే నడిచి రోడ్డు మీదికి పోయి బస్సెక్కుతా" అంది.

అది తండ్రితో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయనా విని ఉండడు. లేచి చాప మూలన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. పిల్ల సంచి గోడ మీద నుంచి దించుకుంది.

తెల్లారి ఆయనే బండి మీద తీసుకెళ్ళి బస్సెక్కించాడు. వెళ్ళేముందు జాస్మిన్ నా పక్కన సీసా, ఫోను, కడిగిన కర్ర అన్నీ సర్ది పెట్టింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. "ఫోన్ చెయ్యి" అన్నాను, అంతే.

పిల్ల వెళ్ళాక ఇల్లు బావురుమంది. పొద్దెక్కాక మందు వేసుకోబోతే సీసా చేతిలోంచి జారి దొర్లిపోయింది. పింకీ ఎదురింటి గోడ నీడలో పడుకుని ఉంది. "పింకీ" అని పిలిచాను, ఎంత మెల్లగా పిలవగలనో అంత మెల్లగా. లేచి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి లోపలి గాలి వాసన చూసింది. సీసా దాని ముందే ఉంది. చేప చూపించాను. తోక ఒకసారి ఆడించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాన్ని ఏమనను? నేనైనా వెళ్ళిపోయేదాన్నే. నాలుక పిడచకట్టుకుపోతుంటే మొగుణ్ణి నోటికొచ్చినట్టల్లా తిట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్కసారి మాత్రం వంగుదామా అనిపించింది. పంతానికి వంగలేదు.

మరియదాసు అన్నం వేళ కాకముందే వచ్చాడు. గుమ్మంలో నిలబడి సీసా చూశాడు, నన్ను చూశాడు. సీసా తీసి అందించబోయాడు.

"ముందు చేతులిటు తే" అన్నాను.

చాపాడు. వాసన చూశాను. "ఇంకా ఘాటుంది. పోయి మజ్జిగ రుద్ది కడుక్కో."

వెళ్ళి కడుక్కొచ్చాడు. మళ్ళీ చూశాను. మళ్ళీ పంపించాను. ఈసారి సబ్బు పెట్టి, గోళ్ళ సందులు కూడా పుల్లతో గీకి కడుక్కున్నాడు. అప్పుడు నీళ్ళు తాగాను. తాగి, చేప పొట్లం ఆయన మీదికి విసిరాను.

"ఇయ్యాల్టి నుంచి అన్నం వేళకంటే ముందే రా. వచ్చి ఆ గుమ్మంలో కూర్చుని దాన్ని పిలువు. భయపెట్టింది నువ్వు, నువ్వే పిలవాలి."

"నేను పిలిస్తే వస్తదా?"

"నువ్వు రోజూ పిలిచే గొంతుకి రాదు. తగ్గించు."

గుమ్మంలో గొంతుక్కూర్చుని "ఏయ్, రా" అన్నాడు. కుక్క లేచి ఇంకాస్త దూరం వెళ్ళి కూర్చుంది. "ఇంకా తగ్గించు" అన్నాను. "పింకీ" అన్నాడు. "ఇంకా" అన్నాను. చేప అరచేతిలో పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడు. "రా తల్లీ, రా. ఏం చెయ్యను. రా అమ్మా" అంటున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. విన్నందుకు కోపం తగ్గలేదు సరికదా, ఇన్నేళ్ళూ ఇది ఎక్కడ దాచుకున్నాడని ఇంకాస్త పెరిగింది.

అప్పుడే ఫోన్ మోగింది. జాస్మిన్. "క్లాసులో కూర్చోనిచ్చారమ్మా. పరీక్షకి పేరు కూడా రాసుకున్నారు" అంది ఆయాసంగా. గుమ్మంలో ఆయన ఇంకా "రా తల్లీ" అంటూనే ఉన్నాడు.

"అమ్మా, ఎవురమ్మా అక్కడ మాట్లాడేది?"

"మీ నాన్న" అన్నాను. "నువ్వు పోయి చదువుకో."